వేడెక్కిన రెక్క

ట్రాక్టర్ని కొట్టంలో కట్టెల మోపు పక్కన నిలబెట్టారు. బానెట్టు ఊడదీసి గోడకి ఆనించారు. రేడియేటరు మధ్యలో గుప్పెడంత చిరుగు. అందులోంచి కారిన నీళ్లు ఎప్పుడో ఇంకిపోయి నేల మీద పచ్చటి మరక మాత్రం మిగిలింది. సిద్దికా భుజాన ఉన్న సంచి దించి, నీడ ఎటువైపుందా అని చూసుకునేలోపే వెనక నుంచి గొంతు వినపడింది.

"ఫ్యాను కంపెనీ మనుషులంటే ఎవరో మగాళ్లొస్తారనుకున్నా. నువ్వొచ్చావా అమ్మాయ్? ఎవరైతేనేంలే. చూడు. కళ్లారా చూసి పో."

ట్రాక్టరు యజమాని సుబ్బరావమ్మ ఆవిడే. ఎడమ కనుబొమ మీద దూదికట్టు, దాని అంచున టించరు పసుపు. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, చేతిలో గడ్డిమోపుతోనే వచ్చింది. మోపు గేదె ముందు పడేసి, చేతులు దులుపుకుని, ఎరువుల సంచి ఒకటి తెచ్చి సిద్దికా కాళ్ల దగ్గర గుమ్మరించింది. విరిగిన ఫ్యాను ముక్కలు గలగలమంటూ పడ్డాయి.

సిద్దికా గోనె పరిచి, మోకాళ్ల మీద కూచుని, ముక్కల్ని ఒక్కొక్కటే తీసి పేర్చడం మొదలుపెట్టింది. నల్లటి రెక్కలు. చూడ్డానికి ప్లాస్టిక్కే గాని వట్టి ప్లాస్టిక్కు కాదు, గాజుపీచు కలిపి అచ్చుపోసిన నైలాను. ఇంజను ముందు తిరిగే ఇనప ఫ్యాను బదులు ఇది బిగించుకుంటే బరువు తగ్గుతుంది, డీజిలు కలిసొస్తుంది అని చెప్పి, ఆమె పనిచేసే గుంటూరు కంపెనీ ఈ వేసవిలోనే పల్నాటి వైపు అమ్మకం మొదలుపెట్టింది. రెక్కల్లో ఒకటి మొదలంటా తెగిపోయింది. పక్కవి రెండు దాని దెబ్బకి ముక్కలయ్యాయి.

"ఆ తెగిందే వచ్చి నాకు తగిలింది" అంది సుబ్బరావమ్మ. "రవ్వంత కిందకైతే కన్నే పోయేది. పత్తికట్టె మీద రోటవేటరు వేస్తున్నాడు, ఎండలో మాడిపోతున్నాడు గదా అని మజ్జిగ పట్టుకెళ్లా. గట్టు మీద నిలబడి పిలుస్తున్నానో లేదో, టప్పున పేలింది. ఎంత రేసు తొక్కితే పేలుద్ది అట్టాగ? అయినోడు గదా అని బండి చేతికిస్తే నన్ను చంపబోయాడు."

"డ్రైవరు ఎక్కడున్నారండీ?"

"ఇంటికాడ. రావద్దన్నా. ఊళ్లో ఇంకో బండి ఎవడిస్తాడు వాడికి?"

"ఒకసారి మాట్లాడాలి."

సుబ్బరావమ్మ మూతి బిగించి లోపలికెళ్లి ఎవరికో ఫోన్ చేసింది. ఆ కాసేపట్లో సిద్దికా తెగిన రెక్క మొదలుని భూతద్దం కింద పెట్టింది. తెగిన చోటు అంతా ఒకేలా లేదు. సగం కొత్తగా, పీచులు తెల్లగా పైకి లేచి ఉన్నాయి. మిగతా సగం అరిగి నునుపెక్కింది, దాని సందుల్లో నల్లరేగడి దుమ్ము ఇరుక్కుని ఉంది. గోటితో గీకితే వచ్చింది. ఒక్క దెబ్బకి తెగినదాంట్లోకి దుమ్ము ఎలా చేరుతుంది? చీలిక ముందే ఉంది. ఏదో ఈ రెక్కని కొన్నాళ్లుగా కుదుపుతూ, కుదుపుతూ వచ్చింది. ఆమె తల ఎత్తింది, ఎవరికైనా చెప్పాలన్నట్టు. మేనేజరు చైతన్యకృష్ణ పొద్దున బయల్దేరేటప్పుడు అన్న మాట గుర్తొచ్చి మళ్లీ దించుకుంది. 'ఓవర్‌స్పీడ్ అని తేలితే చాలు, సిద్దికా. ముక్కలు తీసుకుని వచ్చెయ్.'

డ్రైవరు యలమందయ్య వచ్చాడు గాని కొట్టంలోకి అడుగుపెట్టలేదు. చూరు బయటే ఎండలో నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, నలభై దాటుంటాయి. తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతికి చుట్టుకున్నాడు.

"బండి ఎంత రేసులో ఉందండీ, విరిగినప్పుడు?" అడిగింది సిద్దికా.

అతను సుబ్బరావమ్మ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "నాదే తప్పమ్మా. అట్టాగే రాసుకోండి."

"రాసుకోడానిక్కాదు. నాకు తెలియాలి. చేతి రేసు ఎంతవరకు లాగారు?"

"ఎప్పుడూ ఎంత పెడతానో అంతే పెట్టాననుకున్నా." తువ్వాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "అందరూ ఎక్కువ పెట్టావంటున్నారు. ఫ్యాను అమ్మిన డీలరూ అదే అన్నాడంట. పెట్టానేమో. ఎండకి బుర్ర పనిచెయ్యలేదేమో."

"విన్నావుగా. వాడే ఒప్పుకుంటున్నాడు" అంది సుబ్బరావమ్మ. ఒప్పుకోవడం ఆవిడకి కూడా ఏమంత సంతోషం ఇచ్చినట్టు లేదు.

"కుట్లు ఎప్పుడు తీస్తారు పిన్నమ్మా?" అన్నాడు యలమందయ్య.

ఆవిడ గేదె వైపు తిరిగి గడ్డిమోపు విప్పసాగింది. అతను కాసేపు నిలబడి, తనని ఇంక ఎవరూ ఏమీ అడగరని తెలుసుకుని వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో సిద్దికాకి కిటికీ పక్క సీటు దొరికింది. వడగాలి మొహాన కొడుతోంది. ఒళ్లో ఎరువుల సంచి. అతను తప్పు చేశానని చెప్పి ఉంటే ఆమె మనసు ఇంత కలత పడేది కాదు. చేయలేదని వాదించినా పడేది కాదు. 'పెట్టానేమో' అన్నాడు. తన చేయి ఏం చేసిందో తనకే తెలియకుండా పోయిన మనిషి గొంతు అది. నరసరావుపేట దాటేదాకా సంచిలో చేయి పెట్టి ఆ రెక్క మొదలునే తడుముతూ కూచుంది.

*

"రెండింతల వేగంతో తిప్పి చూశాం గదా దీన్ని. ఏమైంది? ఏమీ కాలేదు" అన్నాడు చైతన్యకృష్ణ. ముక్క చేతిలో పట్టుకుని వెలుతురుకి తిప్పి చూస్తున్నాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, అచ్చుల మిషన్ల మధ్య తిరిగి తిరిగి ఎప్పుడూ వేడి ప్లాస్టిక్కు వాసన వేస్తుంటాడు.

"తిప్పింది ఈ గదిలోనండీ. ఏసీలో."

"అయితే?"

"పొలంలో ఏసీ లేదు కదండీ."

ఆయన నవ్వలేదు. ముక్క బల్ల మీద పెట్టి, "చూడు మరి" అని వెళ్లిపోయాడు. వద్దనలేదు, అది చాలనుకుంది సిద్దికా.

అదే తయారీలో మిగిలిన కొత్త ఫ్యాను ఒకటి తీసుకుని, నడుమ ఉక్కు కడ్డీకి బిగించింది. చిన్న సుత్తితో రెక్క కొస మీద తట్టింది. టంగ్ అంది. పక్కనున్న మైకు ఆ శబ్దాన్ని పట్టి కంప్యూటరు తెర మీద ఒక నిటారు గీతగా చూపింది. ఆ రెక్క తనంతట తాను అదిరే వేగం అది. ప్రతి రెక్కనీ తట్టింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇంజను కుదుపులు వేసే లెక్కకి దూరంగా, భద్రంగా.

ఇక వేడి. నైలాను గింజలు ఆరబెట్టే ఓవెన్లో ఫ్యానుని పెట్టింది. వేడెక్కాక తోలు తొడుగులతో తీసి, పరుగులాంటి నడకతో కడ్డీ దగ్గరికి తెచ్చి బిగించి తట్టింది. శబ్దం కాస్త మందంగా వినపడ్డట్టుంది. తెర మీద గీత ఏ కొంచెమో పక్కకి జరిగింది. మళ్లీ తట్టింది. గీత వెనక్కి వచ్చేసింది. రెక్క సన్నంగా ఉంటుంది, బయటికి తీసిన వెంటనే చల్లారిపోతోంది. ఆమె బిగించేలోపే ఆమెకి కావలసింది కాస్తా జారిపోతోంది. మళ్లీ వేడి చేసింది, మళ్లీ పరిగెత్తింది. తొడుగు జారి మణికట్టు కాలింది. కుళాయి కింద చెయ్యి పెట్టి నిలబడినప్పుడు తట్టింది ఆమెకి, ఫ్యానుని బయటికి తేవడం దేనికి, సుత్తినే లోపలికి పంపాలి గాని.

ఓవెను పక్కన గొట్టం పోవడానికి ఉన్న కంతలోంచి పొడుగాటి కడ్డీ దూర్చి, దాని చివర సుత్తి కట్టి, సందుల్లో పాతగుడ్డలు కుక్కింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఓవెను ముందే కూచుంది. వేడి కొంచెం పెంచడం, రెక్క లోదాకా వేడెక్కే వరకు ఆగడం, బయట నుంచి కడ్డీ తోసి తట్టడం, గీత ఎక్కడ నిలబడిందో తెర మీద చుక్కగా పెట్టడం. చుక్క మొదట కదల్లేదు. ఆ తర్వాత కొద్దికొద్దిగా కిందకి జరగడం మొదలెట్టింది. చెయ్యి పెడితే కాలే వేడికి వచ్చేసరికి మెట్లు దిగుతున్నట్టు దిగింది. మెత్తబడ్డ రెక్క మెల్లగా అదురుతుంది. అంత మెల్లగా అదిరే చోట ఇంజను కుదుపు కాచుకుని ఉంది.

చైతన్యకృష్ణ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఆమె ఏమీ చెప్పకముందే తెర మీద దిగుతున్న చుక్కల వెంట వేలు పోనిచ్చాడు. అవి ఇంజను కుదుపు గీతని ఎక్కడ కలుస్తాయో అక్కడ వేలు ఆగింది. అక్కడే చాలాసేపు ఉంచాడు.

"కాగితం మీద కలవడం వేరు" అన్నాడు చివరికి.

"అందుకే పొలంలో చూడాలండీ. అదే బండి మీద."

"వెళ్లు. కంపెనీ ఆటోలో సామాను వేసుకుని వెళ్లు. కొలిచి వచ్చెయ్. అక్కడ మాత్రం నోరు విప్పొద్దు సిద్దికా. ఏ మాటైనా ఇక్కడ మనం కూచుని ఆలోచించుకుని చెప్పాలి. సగం తెలిసిన మాట బయటికి పోయిందంటే రేపు డీలర్లందరూ సరుకు వెనక్కి పంపేస్తారు. ఈ మిషన్ల ముందు నిలబడ్డవాళ్లని నేను ఇళ్లకి పంపాల్సొస్తుంది."

"అక్కడొకాయన్ని ఇప్పటికే ఇంటికి పంపేశారండీ."

"తెలుసు" అన్నాడాయన. ఇంకేదో అనబోయి, ఓవెను తలుపు మూసి ఉందో లేదో చేత్తో నొక్కి చూసి వెళ్లిపోయాడు.

*

రేడియేటరుకి వినుకొండలో అతుకు వేయించి తెచ్చారు. సిద్దికా కొత్త ఫ్యాను బిగించి, దాని చుట్టూ దట్టమైన ఇనప జల్లెడ రెండు పొరలుగా కట్టింది. ముక్క తెగినా దాటి రాకూడదు. ఫ్యాను తిరిగే ఇరుసు దగ్గర అదురు పట్టే చిన్న బిళ్ల అతికించి, దాని వైరు, వేడి కొలిచే వైరు, ఇంజను వేగం చూపే వైరు అన్నీ కలిపి సీటు పక్కన కట్టిన డబ్బాలోకి తెచ్చింది.

"నడపడానికి పక్కూరి మనిషిని పిలిపిస్తా" అంది సుబ్బరావమ్మ.

"వద్దండీ. ఆయనే ఎక్కాలి."

"యలమందా? మళ్లీ వాడికిమ్మంటావా బండి?"

"చెయ్యి మారితే లెక్క మారిపోతుందండీ. ఆ రోజు ఎట్లా నడిచిందో నాకు అట్లాగే కావాలి."

కబురందుకుని వచ్చిన యలమందయ్య మాట వినగానే వెనక్కి జరిగాడు. "నావల్ల కాదమ్మా. మళ్లీ ఏదన్నా అయిందంటే ఈ ఊళ్లో ఉండలేను."

"ఈ కంచె చూడండి. ముక్క విరిగినా దాటి రాదు. కావాలంటే నేను ఇక్కడే, దీని పక్కనే నిలబడతా."

"మీరు నిలబడొద్దు" అన్నాడు అతను గబుక్కున. జల్లెడ దగ్గరికొచ్చి రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు. ఒక మూల తీగె వదులుగా ఉంటే కటింగు ప్లేయరు అడిగి తీసుకుని బిగించాడు. అప్పటికీ ఎక్కలేదు. సుబ్బరావమ్మ వైపు చూశాడు.

"ఎక్కు. ఎక్కమంటుందిగా ఆ పిల్ల" అంది ఆవిడ, మొహం పక్కకి పెట్టి.

పత్తి తీసేసిన చేలో ఎండు కట్టె మోకాలెత్తున నిలబడి ఉంది. రోటవేటరు దిగగానే కట్టె పటపటమని నలిగి మట్టిలో కలిసిపోతోంది. దుమ్ము, దాంతోపాటు కాయల్లో మిగిలిపోయిన దూది పింజలు గాల్లోకి లేచి, బండి ముందు జాలీకి వచ్చి అతుక్కుంటున్నాయి. సిద్దికా గట్టు మీది వేపచెట్టు కింద లాప్‌టాప్ మీద గోనెపట్టా గుడారంలా కప్పుకుని లోపల తల దూర్చి కూచుంది. చెమట కళ్లలోకి కారుతోంది. బండిలోని డబ్బా నుంచి అంకెలు గాల్లోనే తెర మీదికి వస్తున్నాయి.

ఆమె మొదట చూసింది ఇంజను వేగం. ఆ గీత తిన్నగా, రూళ్లకర్రతో గీసినట్టు పోతోంది. కట్టె దట్టంగా ఉన్న చోట ఏ బండైనా ఒక్క క్షణం తగ్గి మళ్లీ ఎగురుతుంది. ఇది తగ్గబోయేలోపే సర్దుకుంటోంది. ఆమె పట్టా తీసి చూసింది. యలమందయ్య ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి రేసు పిడి మీద పెట్టి, మీటరు మీది నుంచి కళ్లు తిప్పకుండా కూచున్నాడు. మీటరు మీద రోటవేటరుకి ఇంత వేగం సరిపోతుందని ట్రాక్టరు కంపెనీవాళ్లు ఒక గుర్తు పెట్టి ఉంటారు. ముల్లు ఆ గుర్తు మీదే నిలబడి ఉంది.

అదురు మాత్రం ఏమీ లేదు.  పొద్దెక్కింది. చాళ్లు తిరుగుతూనే ఉన్నాడు. సుబ్బరావమ్మ వచ్చి "ఏమైనా కనపడిందా?" అని అడిగి, లేదని చెబితే గట్టు మీద కూచుంది. జాలీ అంతా దూదితో తెల్లబడింది. లోపలికి గాలి ఆడటం తగ్గిపోయింది. రెక్కల దగ్గర వేడి నెమ్మదిగా పైకి పోతోంది.

మిట్టమధ్యాహ్నం దాటాక తెర అడుగున ఒక చిన్న బుడిపె లేచింది. సిద్దికా కళ్లు తుడుచుకుని చూసింది. బుడిపె పెరిగింది. మరో చాలు తిరిగొచ్చేసరికి ముల్లులా అయింది.

ఆమె లేచి చేలోకి పరిగెత్తింది. "చెట్టు కిందకి తీసుకురండి! రేసు తగ్గించొద్దు!"

అతను రోటవేటరు ఎత్తి, అదే రేసులో బండిని నీడకి తెచ్చి నిలబెట్టాడు. సిద్దికా జల్లెడ మీద గోనెపట్టా కప్పి చీకటి చేసి, లోపలికి మిణుకులైటు పెట్టింది. ఆ లైటు వెలిగి ఆరే వేగం ఫ్యాను తిరిగే వేగంతో సరిపెడితే తిరిగే ఫ్యాను ఆగిపోయినట్టు కనపడుతుంది. సరిపెట్టింది. రెక్కలు నిలబడ్డాయి. నిలబడి, వణుకుతున్నాయి. కొసలు ముందుకీ వెనక్కీ ఇంతింత లాగుతున్నాయి, జ్వరం వచ్చిన మనిషి చేతివేళ్లలాగా.

"రేసు పెంచండి!" అని అరిచింది.

యలమందయ్య పెంచలేదు. ఆమె మళ్లీ అరిచింది. అతను భయంభయంగా పిడి లాగాడు. ఇంజను గీపెట్టింది. సుబ్బరావమ్మ "ఒరేయ్!" అంటూ వేపచెట్టు వెనక్కి తప్పుకుంది. సిద్దికా లైటు తిప్పి కొత్త వేగానికి సరిపెట్టింది. రెక్కలు వణకడం లేదు. బొమ్మలో రెక్కల్లా కుదురుగా ఉన్నాయి.

"తగ్గించండి... ఇంకా..." కుదురుగానే ఉన్నాయి. "ఇప్పుడు మళ్లీ ఆ గుర్తు దగ్గరికి తేండి."

ముల్లు గుర్తు మీదికి వచ్చింది. రెక్కలు వణికాయి.

ఆమె నమ్మలేక మళ్లీ పెంచమంది, మళ్లీ తగ్గించమంది, మళ్లీ గుర్తు దగ్గరికి తెప్పించింది. ప్రతిసారీ అంతే. "ఆపేయండి!"

ఇంజను ఆగాక చెవుల్లో హోరు కాసేపు అట్లాగే ఉంది. చెట్టు కింద ముగ్గురే ఉన్నారు. సిద్దికా తోలు తొడుగు వేసుకుని జల్లెడ విప్పి, చెయ్యి పెట్టి రెక్క మొదలు తడిమింది. ఒక రెక్క మొదట్లో, వెంట్రుకంత సన్నగా, తెల్లటి గీటు పడి ఉంది. పొద్దున అది లేదు.

నోరు విప్పొద్దు అన్నాడు చైతన్యకృష్ణ. సామాను సర్దుకుని వెళ్లిపోవచ్చు. సాయంత్రానికి గుంటూరు చేరొచ్చు. యలమందయ్య బండి దిగి, ఏం వినాల్సొస్తుందో అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు మీరు ఎక్కువ రేసు పెట్టలేదండీ" అంది సిద్దికా.

అతను ఆమె వైపు చూశాడు.

"పెట్టుంటే ఇది విరిగేది కాదు. ఎవరన్నా ఇష్టమొచ్చినట్టు పెంచుతూ తగ్గిస్తూ నడిపినా ఇంత త్వరగా విరిగేది కాదు. మీరు పొద్దుటి నుంచి ఆ గుర్తు మీదే కదలకుండా పట్టుకున్నారు. ఈ రెక్క చల్లగా ఉన్నంతసేపు ఏమీ కాదు. వేడెక్కి మెత్తబడితే, సరిగ్గా ఆ వేగం దగ్గరే ఇంజను కుదుపు దానికి తగులుతోంది. తప్పు మా ఫ్యానుది."

"నాకర్థమయ్యేట్టు చెప్పు" అంది సుబ్బరావమ్మ.

"కాలవ మీద తాటిదుంగ వేసి ఉంటుంది చూడండి. మామూలుగా నడిస్తే ఏం కాదు. దుంగ ఊగే లెక్కకీ మన అడుగుకీ సరిగ్గా కలిసిందనుకోండి..."

"ఎత్తి కాలవలో పడేస్తది."

"అదేనండీ. అడుగు మారిస్తే దుంగ ఊరుకుంటుంది. ఈయన అడుగు మార్చలేదు."

 సుబ్బరావమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, వెల్లబారిన జాలీ వైపు చూస్తూ నిలబడింది. ఆమె మొహంలో కోపం ఎటు పోవాలో తెలియక తిరుగుతున్నట్టుంది.

"గుర్తు దాటొద్దని చెప్పింది నేనే" అంది చివరికి, ఎవరితోనూ కానట్టు. "డీజిలు తాగుద్ది, గుర్తు మీంచి ముల్లు కదిలిందంటే ఊరుకోనని వాణ్ణి రోజూ తిట్టేదాన్ని."

యలమందయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుని, తువ్వాలు మొహానికే ఉంచుకుని అలాగే నిలబడ్డాడు. భుజాలు ఒకసారి పైకి లేచి దిగాయి. "అంటే నేను సరిగ్గానే పెట్టానా అమ్మా?" అన్నాడు గుడ్డలోంచి.

"సరిగ్గానే పెట్టారు."

సుబ్బరావమ్మ గట్టు దగ్గరికెళ్లి నీళ్ల సీసా తెచ్చి అతని చేతికి తగిలేట్టు పెట్టింది. "తాగు. పొద్దున్నించి చుక్క నీళ్లు ముట్టలేదు." కాసేపాగి, "రేపు పొద్దున్నే రా" అంది. క్షమించమని ఆవిడ అనలేదు. అనగల మనిషి కాదు.

అతను సగం సీసా తాగి, మూత పెట్టి, చేల వైపు చూశాడు. ఎక్కడో దూరంగా ట్రాక్టరు చప్పుడు వస్తోంది.

"ఈ నల్ల ఫ్యాన్లు మన చుట్టుపక్కల ఇంకా చాలా బళ్లకి ఉన్నాయమ్మా" అన్నాడు. "వేసవి మొదట్లో డీలరు అందరికీ అంటగట్టాడు. అందరూ ఇప్పుడు పత్తికట్టె మీదే ఉన్నారు."

సిద్దికా ఆ సంగతి ఆలోచించలేదు. అప్పటిదాకా ఒక్క మనిషి గురించే ఆలోచించింది. ఫోన్ తీసి చెట్టుకి అవతలగా వెళ్లి చైతన్యకృష్ణకి చేసింది. కొలిచింది చెప్పింది. వాళ్లకి చెప్పేశానని కూడా చెప్పింది.

అటునుంచి అచ్చుల మిషన్ల చప్పుడు వినపడుతోంది.

"చెప్పొద్దన్నాను కదా."

"అన్నారండీ."

 "గీటు పడిందా? నువ్వు కళ్లారా చూశావా?"

"వేలితో తడిమి చూశానండీ."

"డీలరుకి నేను ఫోన్ చేస్తా. బళ్లు ఆపించమంటా. వాడు ఎంతవరకు వింటాడో తెలీదు." ఒక్క క్షణం ఆగి, "నువ్వు చేసిన పని సంగతి రేపు మాట్లాడదాం" అని పెట్టేశాడు. ఆ మాట బెదిరింపో, మరొకటో ఆమెకి అంతుబట్టలేదు.

తిరిగొచ్చేసరికి యలమందయ్య మోటారు సైకిలు స్టార్టు చేసి ఉన్నాడు. "డొంక అవతల హయాత్ నడుపుతున్నాడు. వస్తారా?"

సిద్దికా లాప్‌టాప్ సంచి తగిలించుకుని వెనక కూచుంది. డొంకలో గతుకులకి బండి ఎగిరెగిరి పడుతోంది. ఆవిరిలాంటి గాలి. మిరప తోటలు ఎండి బీడుపడిన చోట్లు దాటి, పత్తిచేలోకి తిరిగేసరికి ట్రాక్టరు ఎదురుగా దుమ్ము మేఘం చేసుకుంటూ వస్తోంది. డ్రైవరు హయాత్ యలమందయ్య ఈడువాడే. చెయ్యి ఊపితే చూశాడు గాని ఆపలేదు. పక్క నుంచి పోనిచ్చాడు. యలమందయ్య నలిగిన కట్టె మీద పరిగెత్తి బండికి ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. హయాత్ క్లచ్చి తొక్కాడు. ఇంజను ఆపలేదు, రేసు దించలేదు.

"ఏరా, చస్తావా ఏంది?"

"ఆపు. ఆ ఫ్యానుతో ఆ గుర్తు మీద నడపమాక. ఎండ పూట అసలు నడపమాక."

"బండి పేల్చినోడివి నువ్వు. నువ్వొచ్చి నాకు చెబుతావా?" హయాత్ నవ్వాడు. చుట్టూ చూసి, సిద్దికాని చూసి, "ఎవరు చెప్పార్రా నీకు?" అన్నాడు.

సిద్దికా సంచి జిప్పు లాగుతూ ముందుకొచ్చింది. చూపించడానికి ఆమె దగ్గర అంకెలున్నాయి, గీతలున్నాయి. యలమందయ్య ఆమె వైపు తిరక్కుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను చెబుతున్నా" అన్నాడు. ఇంజను హోరుకి మించి అరవాల్సొచ్చింది. "నేను డ్రైవర్ని. నేను నడిపి, చూసి, చెబుతున్నా. ఆపు!"

హయాత్ నవ్వు మొహం మీద కాసేపు నిలిచి ఆరిపోయింది. యలమందయ్య జరగలేదు. బానెట్టు మీద నుంచి వేడి అలలు అలలుగా లేచి ఇద్దరి మధ్య వణుకుతోంది. హయాత్ వంగి, ఇంజను ఆపే తీగె లాగాడు.

చప్పుడు తగ్గి తగ్గి ఆగిపోయింది. చేనంతా ఒక్కసారి ఖాళీ అయినట్టయింది. ఆ ఖాళీలో తుమ్మల వరస అవతల నుంచి ఇంకో ట్రాక్టరు చప్పుడు సన్నగా వినపడింది, ఎక్కడా పెరక్కుండా, తరక్కుండా. యలమందయ్య తల ఒకవైపు వంచి విన్నాడు.

"అదొకటి" అని, మోటారు సైకిలు దగ్గరికి గబగబా నడిచాడు.